కొండకు పంపినవాళ్ళే ఓడకు వద్దన్నారు

పోయిన జూన్‌లో చిత్తూరులో మా వదిన ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె నా ముందు ఒక పళ్ళెం పెట్టింది. బేనీషా మామిడి, తొక్క తీసి, వేలెడంత ముక్కలుగా కోసి ఉంది. రెండు పండ్లకు తక్కువ ఉండదు. ఒక ముక్క నోట్లో వేసుకుంటూ, వచ్చే ఫిబ్రవరిలో సింగపూర్ నుంచి ఓడలో నాలుగు రోజులు తిరిగి రావాలనుకుంటున్నామని చెప్పాను. వదిన ముఖం మారిపోయింది. "నీకేమైనా మతి ఉందా? ఒంట్లో షుగర్ పెట్టుకుని నడిసముద్రంలోకి పోతావా? అక్కడ ఏదైనా అయితే ఎవరు దిక్కు?" అంది. అంతలోనే పళ్ళెంలో ముక్కలు అలాగే ఉండటం చూసి, "తిను, మన తోట కాయలే. ఒక్క రోజుకు ఏమీ కాదు" అంది.

ఆ రెండు మాటలకూ మధ్య ఆమె ఊపిరి కూడా తీసుకోలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నా ఆలోచన అక్కడే తిరుగుతోంది.

నా సంగతి చెప్పాలి. వయసు 59. తిరుపతిలో ఒక బ్యాంకు కౌంటరు వెనక ముప్పై ఏళ్ళు కూర్చుని, కాస్త ముందుగానే ఉద్యోగం వదులుకున్నాను. షుగర్ బయటపడి 13 ఏళ్ళు, మాత్రలు చాలక ఇన్సులిన్ సూది మొదలై నాలుగేళ్ళు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ఇందులో నా ప్రత్యేకత ఏమీ లేదు. 2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళను 10.1 కోట్లుగా, ఆ గడప మీద నిలబడి ఉన్నవాళ్ళను 13.6 కోట్లుగా లెక్కగట్టింది. ఉదయం ఆరింటికి యూనివర్సిటీ మైదానంలో చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్ళను చూస్తే ఆ లెక్క మీద ఎవరికీ అనుమానం రాదు. ఇంతమందికీ ఓడ పనికిరాదంటే, ఇక ఓడలు తిప్పేవాళ్ళు వాటిని విప్పి ఇనప సామానుకు అమ్ముకోవాలి.

అసలు నా ఫిర్యాదు వేరు. సూది మొదలైన ఏడాదే మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్ళాను. చెన్నైలో విమానం ఎక్కింది మొదలు డాలస్‌లో దిగేదాకా ఇరవై గంటలు దాటింది. అక్కడ పగలు, ఇక్కడ రాత్రి. ఏ పూట సూది ఏ పూటకు మారాలో డాక్టరు గారు ఒక అరఠావు మీద గీతలు గీసి ఇచ్చారు. ఇంజెక్షన్లు ఎలా తీసుకెళ్తావని బంధువుల్లో ఒక్కరూ అడగలేదు. గోంగూర పచ్చడి నూనె కారకుండా ఎలా కట్టాలన్న దాని మీద మాత్రం మూడు ఇళ్ళలో చర్చ జరిగింది. ఐదు నెలలు చలిలో బాలింత పథ్యం, పసిపిల్ల స్నానం, వంట, గిన్నెలు అన్నీ నా చేతి మీదే నడిచాయి. రాత్రి రెండింటికి పాప ఏడిస్తే లేచేదాన్ని. అప్పుడు నా షుగర్ ఎవరికీ అడ్డు రాలేదు.

ఆ తర్వాత మా అబ్బాయి పెళ్ళి కుదిరితే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దగ్గర దగ్గర తొమ్మిది కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరాం. దర్శనం అయ్యేదాకా ఏమీ తినకూడదని ఎవరూ శాసించలేదు, నేనే అనుకున్నాను. అయినా సూది మాత్రం అలవాటుగా వేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ తెలివితక్కువతనానికి నాకే ఒళ్ళు మండుతుంది. గాలిగోపురం దాటిన కాసేపటికి చెమటలు పట్టాయి. మెట్లెక్కితే చెమట పట్టదా అని ఇంకో యాభై మెట్లు ఎక్కాను. అప్పుడు మెట్ల అంచులు రెండేసిగా కనిపించాయి. కూలబడిపోయాను. పక్కన పసుపు బట్టల్లో ఉన్న ఒక కుర్రవాడు తన సీసాలోని గ్లూకోజు నీళ్ళు తాగించాడు. చెప్పులు లేని కాళ్ళకు ఎండ ఎక్కాక రాయి ఎంత కాలిందో నాకు తెలియలేదు, ఎందుకంటే నా అరికాళ్ళకు స్పర్శ కొంత తగ్గింది. ఇంటికి వచ్చాక బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ కనిపించింది. అది మానడానికి మూడు వారాలు పట్టింది. విని వదిన చేతులు జోడించి "స్వామి కాపాడాడు" అంది. మళ్ళీ మొక్కు ఉంటే మళ్ళీ నడుస్తాను, ఈసారి తిని నడుస్తాను. నాకు కొండ మీద కోపం లేదు.

నేనంటున్నది ఇంతే. భక్తికి, పురిటికి, పెళ్ళి పనికి మా ఇళ్ళల్లో జబ్బుకు మినహాయింపు దొరుకుతుంది. సరదాకి దొరకదు. అందులోనూ ఇంటి ఆడమనిషి సరదాకి అసలు దొరకదు. మొగవాళ్ళు షుగర్ పెట్టుకుని పేకాటకు బెంగళూరు వెళ్ళి వస్తే "ఏదో కాలక్షేపం" అంటారు. నేను ఓడ అనేసరికి అందరికీ నా క్లోమం గుర్తొచ్చింది.

అలాగని వదిన మాటలో పస లేదనను. నడిసముద్రంలో ఏదైనా అయితే ఎవరు దిక్కు అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోకుండా టికెట్టు కొనేవాళ్ళు తెలివైనవాళ్ళు కారు. పెద్ద ఓడల్లో వైద్యశాల ఉంటుంది. డాక్టరు, నర్సులు ఉంటారు. సెలైన్ ఎక్కిస్తారు, ఈసీజీ తీస్తారు, మనిషిని నిలబెట్టి దగ్గరి రేవుదాకా చేర్చే ప్రయత్నం చేస్తారు. అది పెద్దాసుపత్రి కాదు. హెలికాప్టరు వచ్చి ఎత్తుకుపోవడం సినిమాలో జరిగినంత తేలిగ్గా జరగదు, దూరం, గాలి కుదరాలి. పైగా అక్కడ నాడి పట్టుకున్నా బిల్లు డాలర్లలో వస్తుంది. గుండెపోటు వచ్చి కొద్ది రోజులే అయినవాళ్ళు, కాలి పుండు మానకుండా ఉన్నవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, షుగర్ పడిపోతున్నా ఒంటికి ఏ సూచనా తెలియనివాళ్ళు ఓడ మాట తమ డాక్టరుతో తేల్చుకున్నాకే ఎత్తాలి. వాళ్ళలో కొందరికి వద్దనే చెబుతారు, ఆ మాట వినాలి కూడా.

నేను రెండు నెలల ముందే మా డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రిపోర్టులు తర్వాత చూశారు. ముందు చెప్పులు విప్పమని అరికాళ్ళు చూశారు. "షుగర్ పడిపోతే మీకు మొదట ఏమవుతుందమ్మా?" అని అడిగారు. పెదవులు మొద్దుబారుతాయని చెప్పాను. "వాంతులైన రోజున సూది ఏం చేస్తారు?" అన్నారు. "తిననప్పుడు సూది ఎందుకని మానేస్తాను" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

ఓడ ప్రయాణంలో షుగర్ ఉన్నవాళ్ళు నిజంగా భయపడవలసింది ఇక్కడేనని ఆ రోజు తెలిసింది. తినలేకపోయినా, జబ్బు చేసిన ఒంట్లో షుగర్ తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. సూది పూర్తిగా ఆపేస్తే ప్రమాదం. మామూలు మోతాదు వేసుకుని ఏమీ తినకపోతే ఇంకో ప్రమాదం. అందుకని అలాంటి రోజున ఎంత వేసుకోవాలో ముందే రాయించుకోవాలి, మూడు నాలుగు గంటలకోసారి వేలు గుచ్చి చూసుకోవాలి, ఉప్పు కలిసిన నీళ్ళు కొద్దికొద్దిగా గుటక వేస్తూ ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్ఫార్మిన్ అనే షుగర్ మాత్రను కొన్నాళ్ళు ఆపమంటారు. షుగర్‌ను మూత్రంలోకి పంపించే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళయితే వాటి మాట తప్పకుండా అడగాలి, ఎందుకంటే తిండీ నీళ్ళూ లేని వేళ అవి రక్తాన్ని ఆమ్లంగా మార్చే పరిస్థితికి దారి తీయగలవు. ఏది పోసినా కడుపులో నిలవకపోతే మొహమాటపడకుండా ఓడ డాక్టరు దగ్గరికి పోవాలి. ఇదంతా ఆయన ఒక కాగితం మీద రాసి, మందుల పేర్లు కంపెనీ పేర్లతో కాకుండా అసలు పేర్లతో ఇంకో కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చారు. కంపెనీ పేర్లు దేశం దాటితే మారిపోతాయి.

ఇక ట్రావెల్ ఏజెంటు. మంచివాడే, మా వీధి చివరే ఆఫీసు. ఇన్సూరెన్సు ఫారంలో జబ్బుల గడి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "అక్కడ ఏమీ లేదని రాయండమ్మా. షుగర్ అని రాస్తే డబ్బు ఎక్కువ కట్టాలి. అందరూ అలాగే రాస్తారు" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఫారాలు దిద్దిన దాన్ని నేను. ఉన్న జబ్బు దాచిపెట్టి కొన్న పాలసీ, ఆ జబ్బు వల్లే ఆసుపత్రి పాలైన రోజున చిత్తు కాగితం. ఉందని రాశాను. కట్టవలసింది పెరిగింది, కట్టాను. అతను నన్ను జాలిగా చూశాడు. షుగర్ దాచడం మా వైపు ఒక మర్యాద. పెళ్ళిచూపుల్లో దాస్తారు, కొత్త కోడలి దగ్గర దాస్తారు, విందులో పక్కవాళ్ళ దగ్గర దాచి జిలేబీ తింటారు. ఈ విషయంలో నేనూ తక్కువదాన్ని కాదని తర్వాత తెలిసింది.

మందులు సర్దుకోవడం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతాను. ఆరు రోజులకు సరిపోయే దానికి రెట్టింపు తీసుకున్నాం. సగం నా చేతి సంచిలో, సగం మా ఆయన సంచిలో. పెద్ద పెట్టెలో ఒక్క సూది కూడా పెట్టలేదు. విమానం కింది భాగంలో ఇన్సులిన్ గడ్డకట్టే అవకాశం ఉంది, ఒకసారి గడ్డకట్టినది కరిగాక చూడటానికి ఎలా ఉన్నా పారేయవలసిందే. ఓడ ఎక్కేటప్పుడూ అంతే. రేవులో పెద్ద పెట్టెలు వాళ్ళే తీసుకుంటారు, అవి గది దగ్గరికి రావడానికి సాయంత్రమవుతుంది. ఆలోగా ఒక భోజనం వేళ వచ్చేస్తుంది.

ఫ్రిజ్ గురించి నేను పడ్డ బెంగ మాత్రం దండగ. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, నిజమే. కానీ వాడుతున్న ఇన్సులిన్ పెన్ను, రకాన్ని బట్టి, 30 డిగ్రీలు దాటని చోట దాదాపు నాలుగు వారాలు బాగానే ఉంటుంది. ఓడ గదిలో పగలూ రాత్రీ ఏసీ. మే నెలలో కరెంటు పోయిన మా తిరుపతి ఇంటికన్నా ఆ గది ఇన్సులిన్‌కు వెయ్యి రెట్లు నయం. మా అత్తగారి రోజుల్లో ఫ్రిజ్ లేదు. ఆవిడ సీసాను చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతను తడి ఇసుక పోసిన కుండలో దించి, పైన తడిగుడ్డ కప్పేవారు. ఇప్పుడు నీళ్ళలో ముంచి వాడుకునే చల్ల సంచులు అమ్ముతున్నారు. వాటి కిటుకూ అదే, తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే సరిగా ఆరదు కాబట్టి సముద్రం మీద దాని పని కాస్త మందగిస్తుంది. మా అత్తగారి ముంత చూసి నవ్విన దాన్ని, ఆ సంచి కొన్న రోజున ఆవిడకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఇంతా చేసి, మొదటి రాత్రే బోల్తా పడ్డాను.

మా ఓడలో రాత్రి భోజనం ఎనిమిదింటికి. నేను వాడే ఇన్సులిన్ పళ్ళెం ముందు కూర్చుని వేసుకోవలసినది. కానీ తెల్ల గుడ్డ పరచిన బల్ల, చుట్టూ కొత్తవాళ్ళు, ఆ మధ్యలో చీర కుచ్చిళ్ళు జరిపి పొట్టకు సూది గుచ్చుకోవడమా? గదిలోనే వేసుకుని బయలుదేరాను. దారిలో మా ఆయన "ఇలా రా, చూడు" అన్నారు. సింగపూర్ దీపాలు నీళ్ళ మీద వెనక్కి జరుగుతున్నాయి. ఓడ కదులుతోందని కాళ్ళకు తెలియదు, ఊరే మనల్ని వదిలి పోతున్నట్టుంటుంది. కటకటాల దగ్గర నిలబడిపోయాం. ఫొటోలు తీసుకున్నాం. ఎవరో తమిళ దంపతులు తమ ఫొటో కూడా తీయమన్నారు. లిఫ్టు దగ్గర జనం. భోజనశాల ముందు వరస. నా పెదవులు మొద్దుబారాయి. గోడ మీద అంతస్తు అంకె చదవబోయాను, అది ఆరో తొమ్మిదో తేలలేదు. గాలిగోపురం గుర్తొచ్చింది.

మా ఆయన అక్కడే నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి వేలు గుచ్చి చూశారు. 58. చేతికి అంటించుకున్న, షుగర్ అంకె చూపించే సెన్సర్ ఇంకా 70 దగ్గరే ఉంది. అది రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనక నడుస్తుంది, పడిపోయే వేళ దాన్ని నమ్ముకోకూడదు. మూడు టీ చెంచాల గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగించారు. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూశారు, 84. సంచిలో కొండ లడ్డూ కూడా ఉంది, బయలుదేరే ముందు ఇంటి నుంచి తెచ్చుకున్నది. అది ఇవ్వబోతే వద్దన్నాను. లడ్డూలో చక్కెర ఉన్న మాట నిజమే కానీ నెయ్యి దాన్ని నిదానంగా వదులుతుంది, చాక్లెట్ కూడా అంతే. పడిపోతున్న షుగర్‌కు ఒట్టి చక్కెర కావాలి. ఇంత వేదాంతం అప్పుడు చెప్పగలిగానంటే తేరుకున్నట్టే లెక్క.

తప్పు ఓడది కాదు, సముద్రానిది అంతకన్నా కాదు. సూదికీ అన్నానికీ మధ్య యాభై నిమిషాలు పెట్టింది నా సిగ్గు. మర్నాడు రాత్రి కుర్చీలో కూర్చుని, పళ్ళెం కళ్ళబడ్డాక, కొంగు చాటు చేసుకుని పెన్ను తీశాను. నా గుండె కొట్టుకుంటోంది. ఎవరూ చూడలేదు. ఎదురుగా ఉన్నాయన రొట్టెకు వెన్న రాసుకోవడంలో మునిగి ఉన్నాడు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

తిండి గురించి వదిన వేసిన భయం అంతా ఇంతా కాదు. "ఇరవై నాలుగు గంటలూ పెడుతూనే ఉంటారట, నువ్వు ఆగగలవా?" అంది. ఆగడం ఓడలోనే సుళువు. ఎందుకంటే అక్కడ ఎవరూ పెట్టరు, మనం తెచ్చుకోవాలి. చిత్తూరు పెళ్ళి పంక్తిలో ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందు నుంచి బూరె జారవిడిచే చుట్టాలుంటారు. వద్దంటే అలుగుతారు. ఓడలో మిఠాయిల బల్ల ముందు నిలబడి వద్దనుకుంటే ఆ కేకుకు కోపం రాదు. నేను మొదట ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరిగి ఏమేమి ఉన్నాయో చూసేదాన్ని. తర్వాత పళ్ళెం తీసుకుని కూరగాయలు, పప్పు, పెరుగు, చివర గుప్పెడు అన్నం. షుగర్ లేనిదని పేరు రాసి పెట్టిన కేకులో మైదా ఉంటుంది, మైదా షుగర్ కాకుండా మరేమవుతుంది? దాని జోలికి పోలేదు. అసలు కేకే ఒక రోజు మూడు చెంచాలు తిన్నాను, లెక్క రాసుకుని. మద్యం మాకు అలవాటు లేదు. ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. ఖాళీ కడుపున తాగితే, సూది వేసుకునేవాళ్ళకు ఆ రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు, ఎందుకంటే కాలేయం చక్కెర అందించే పని పక్కన పెట్టి మద్యం సంగతి చూసుకుంటూ ఉంటుంది.

ఓడ ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ఒక వీధి దూరం. భోజనానికి, టీకి, మరచిపోయిన కళ్ళజోడుకి అలా తిరగడంతోనే రోజూ ఆరేడు వేల అడుగులు పడ్డాయి. ఇంటి దగ్గర ఉదయం 150కి తగ్గని నా షుగర్ అక్కడ రెండు రోజులు 130 లోపల ఉంది. అయితే దీన్ని చూపించి ఓడెక్కితే షుగర్ తగ్గుతుందని వాట్సాప్‌లో పెట్టకండి.

మా అబ్బాయి కథ ఒకటి. నా సెన్సర్ అంకెలు బెంగళూరులో వాడి ఫోనులో కనిపించే ఏర్పాటు ఉంది. నేను మధ్యాహ్నం రెండో ముద్ద కలుపుకుంటే సాయంత్రం "అమ్మా, ఇవాళ ఏం తిన్నావు?" అని ఫోను వస్తుంది. ఓడలో ఇంటర్నెట్ మేము కొనలేదు. సెన్సర్‌కూ నా ఫోనుకూ మధ్య మాట ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, బెంగళూరుకు మాత్రం కబురు పోదు. వాడి తెరమీద నా గీత ఉన్నట్టుండి తెగిపోయింది. వాడు ఏజెంటును నిద్రలేపి, ఏజెంటు ఇంకెవరినో నిద్రలేపి నానా హంగామా చేశారు. నేను ఆ రాత్రి బాల్కనీలో కూర్చుని నా అంకెలు నేను చూసుకున్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి వాటికి ఎవరికీ సంజాయిషీ చెప్పవలసిన పని లేకపోయింది. మలేషియాలోని పెనాంగ్‌లో దిగాక వాడికి ఫోను చేసి తిట్లు తిన్నాను. వాడిది ప్రేమే, కాదనను.

పెనాంగ్‌లో ఓడ ఊరి అంచుకే ఆనుతుంది. జార్జ్‌టౌన్ మహామారియమ్మన్ గుడి, 1833లో కట్టినది, నడిచిపోయేంత దూరం. ఆ సందుల్లో మల్లెల వాసన, జంతికల వాసన, మా గోవిందరాజస్వామి గుడి వీధిలో ఉన్నట్టే అనిపించింది. టీ అడిగితే తీపి చిక్కటి డబ్బాపాలు పోసి, పైనుంచి కిందికి తిరగబోసి నురుగుతో ఇస్తారు. ఒక్క గ్లాసు చాలు, పొద్దుటి సూది అంతా దానికే ఖర్చయిపోతుంది. కొట్టు ఆయన నా తటపటాయింపు చూసి "కొసోంగ్?" అన్నాడు. ఖాళీ అని అర్థమట, అంటే చక్కెర లేకుండా. ఆ ఒక్క మాట ప్రయాణమంతా నాకు అక్కరకు వచ్చింది. గుడిలో చెప్పులు విప్పాక ఎండ పడుతున్న చోట నిలబడకుండా నీడ వెంబడి ప్రదక్షిణ చేశాను. దేవి ఏమీ అనుకోలేదు.

థాయిలాండ్‌లోని పుకెట్‌లో మాత్రం మా ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపారు. తిరుగు పడవ కోసం ఎండలో వరస. చల్ల సంచికి పని పడింది అక్కడే. వేయించిన వేరుశనగ పొట్లం, బిస్కట్లు, గ్లూకోజు పొడి నా భుజానికి ఉన్నాయి కాబట్టి ఆ గంట భయం లేకుండా గడిచింది. అక్కడి టైము సింగపూర్‌కు ఒక గంట వెనక. మా ఆయన ఫోను తనంతట తానే గంట వెనక్కి జరుపుకుంది, దానితో పాటు నా సూది అలారం కూడా జరిగింది. ఓడ టైము మాత్రం మారలేదు. నయం, చేతికి ఆయన పాత హెచ్ఎంటీ ఉంది.

మూడో రోజు వాంతులు అయ్యాయి, నాకు కాదు, మా ఆయనకు. ఆయనకు షుగర్ లేదు, బీపీ లేదు, ఇరవై ఏళ్ళుగా కాలువ గట్టున నడక. ఓడ మధ్యలో, కింది అంతస్తులో ఊపు తక్కువ ఉంటుందని విని అలాంటి గదే తీసుకున్నాం. మలక్కా జలసంధిలో అలలు కూడా పెద్దగా లేవు. అయినా ఆయన పొట్ట ఒప్పుకోలేదు. నా కోసం డాక్టరు రాసిన కాగితం తీసి, అందులో ఉప్పు నీళ్ళ వాక్యం మటుకు ఆయనకు అమలు చేశాను. "షుగర్ మనిషివి నువ్వు, పడుకున్నది నేను" అని నీరసంగా నవ్వారు.

ఆ రాత్రి అంత నీరసంలోనూ ఆయన రోజూ చేసే పని మానలేదు. నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, ఫోను దీపం వెలిగించి, నా అరికాళ్ళు రెండూ పట్టి పట్టి చూశారు. వేళ్ళ సందులు తుడిచారు. కొండ మీది బొబ్బ మానిన చోట చర్మం ఇంకా కొంచెం తెల్లగా, నున్నగా ఉంది. అక్కడ వేలితో నొక్కి "తెలుస్తోందా?" అని అడిగారు. తెలియలేదు. "తెలుస్తోంది" అన్నాను. అలవాటు పూర్తిగా పోలేదు.

తిరిగి వచ్చిన వారానికి వదిన ఫోను చేసింది. షుగర్ ఊసు ఎత్తలేదు. ఓడలో ఎంతమంది ఉన్నారని అడిగింది, స్నానానికి వేడినీళ్ళు వస్తాయా అంది. ఆమెకూ తొమ్మిదేళ్ళుగా షుగర్, సూది వేసుకోమని డాక్టరు చెప్పి రెండేళ్ళయింది, ఇంకా మాత్రలతోనే నెట్టుకొస్తోంది.

"ఆ సూది అక్కడ అందరి ముందూ వేసుకున్నావా?" అంది ఉన్నట్టుండి.

"రెండో రోజు నుంచి, వదినా."

"నొప్పిగా ఉంటుందా?"

"చీమ కుట్టినంత."

కాసేపు అవతల ఏమీ వినపడలేదు. తర్వాత, చిత్తూరు నుంచి ఎవరో తిరుపతి వస్తున్నారని, వాళ్ళ చేత మామిడికాయలు పంపిస్తున్నానని చెప్పింది. పుల్లటివేనట, పప్పులో వేసుకోమంది.